హాఫ్ ఫ్రై దగ్గర చెడింది

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా మామ నెలన్నర మా ఇంట్లో ఉండాల్సి వచ్చింది. రఘునాథపల్లిలో పెద్ద వ్యవసాయం ఆయనది. ఒకరింట్లో కూర్చుని తినడం ఆయనకు చేతకాదు. మాది మడికొండలో రెండు గదుల ఫ్లాట్. నా భార్య ఏడున్నరకే ఆఫీసుకు వెళ్లిపోతుంది. నేను ఇంటినుంచే పనిచేస్తాను కాబట్టి పొద్దుటి తిండి నా వంతు. నాకు బాగా వచ్చింది ఒక్కటే, హాఫ్ ఫ్రై.

దాన్ని శ్రద్ధగా చేస్తాను. సన్న మంట మీద గుడ్డు కొట్టి వేసి, వేడి నూనెను చెంచాతో తెల్లసొన మీద పోస్తుంటే అంచులు కరకరలాడతాయి, పచ్చసొన మాత్రం కదులుతూనే ఉంటుంది. పైన ఉప్పు, మిరియాల పొడి.

మొదటి రోజు ఆయన చెంచా కాడతో పచ్చసొనను పొడిచాడు. అది ప్లేటంతా పారింది. ప్లేటు నా వైపు నెట్టాడు.

"ఇది ఉడకలే. మొగోడు పొయ్యికాడ నిలవడితె గిట్లనే ఉంటది."

తిప్పేసి కాల్చి ఇవ్వడానికి అర నిమిషం పట్టేది. ఇవ్వలేదు. మరునాడూ అదే పెట్టాను, ఆ మరునాడూ అదే. ఆయన దాన్ని పొడిచి పక్కకు నెట్టి, బ్రెడ్డు చాయ్‌లో ముంచుకుని తినేవాడు. రెండు వారాలు అలాగే గడిచాయి.

ఒకరోజు ఆయన గదిలోంచి ఫోన్లో మా అత్తతో అంటున్న మాట వినపడింది. "అల్లుడు పచ్చిగుడ్లు పెడుతాండు. బిడ్డ సంపాదిస్తాంది, ఈయన ఇంట్ల కూసుంటాండు."

నేనూ జీతం తెచ్చేవాణ్ణే. లోపలికి వెళ్లి ఆ మాట చెప్పలేదు. మరునాడు పెనం మీద ఒక్క గుడ్డే వేసుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని, బ్రెడ్డుతో సొన అద్దుకుంటూ నెమ్మదిగా తిన్నాను.

"నాకు?"

"మీకు పచ్చిగ ఉంటది గద మామా. మీరే చేసుకోండ్రి."

ఆయన వాకర్ పట్టుకుని లేచాడు. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ నా ముందే చెప్పాడు. గుడ్డు కొడితే పెంకు పెనంలో పడింది. తీయబోయి వేళ్లు కాల్చుకున్నాడు. రెండోది వేసి నల్లబడేదాకా మాడ్చాడు. కాలు వణుకుతోంది. నాకు కనపడుతూనే ఉంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

సాయంత్రానికి మోకాలు వాచింది. నా భార్య ఐస్ పెడుతూ ఏమైందని అడిగింది.

"నేను పొయ్యికాడ నిలవడ్డ. నీ మొగడు కూసోని సూసిండు."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే," అన్నాను. ప్లేటు నెట్టిన సంగతి, ఫోన్లో అన్న మాట కూడా చెప్పాను.

అంతా విని, "గుడ్డు తిప్పేసి ఇస్తే నీదేం పోతుండె?" అంది.

రెండు రోజుల తర్వాత మా బామ్మర్ది కారు తెచ్చి ఆయన్ను ఊరికి తీసుకుపోయాడు, అనుకున్న గడువుకు ఇంకా మూడు వారాలుండగానే. నేను సంచీ అందుకోబోతే మామ దాన్ని తన వైపు లాక్కున్నాడు.

ఆ దసరాకు నా భార్య ఒక్కతే రఘునాథపల్లి వెళ్లింది. నన్ను రమ్మనలేదు. తిరిగొచ్చాక ఆయన కాలు ఎలా ఉందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.