డ్రైయర్‌లో జల్లెడ

లూదియా ఏ బట్టనూ దులపకుండా మడవదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కొట్టాల పక్కనే ఇల్లు. తీగమీద ఆరిన బట్టల నిండా రాతిపొడే. అది కాస్త తగిలినా, ఏళ్ల తరబడి ఆ కొట్టాల్లో రాళ్లు అరగదీసిన ఆమె భర్త ఎలీషాకు దగ్గు ఆగదు. అందుకే ఇద్దరూ డ్రైయర్ కొనడానికి నంద్యాల వచ్చారు.

"కరెంటు తక్కువ కాలేది ఏది నాయనా?" అని అడిగింది లూదియా.

"ఈ హీట్ పంపుదమ్మా. దుమ్మంతా ఈ జల్లెడలోనే పడతాది," అంటూ షాపతను జల్లెడ ఊడదీసి ఎలీషాకు, ఆ డ్రైయర్‌లో ఆరిన వెచ్చటి తువ్వాలు లూదియాకు ఇచ్చాడు.

ఆమె అలవాటుగా దులిపింది. ఏమీ రాలలేదు. ముఖం విప్పారింది.

ఎలీషా జల్లెడను ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఇది రాళ్లు అరగదీసేటప్పుడే నాకు కట్టింటే బాగుండు గదే," అని నవ్వాడు. నవ్వు దగ్గయింది.

లూదియా తలెత్తలేదు. శుభ్రంగా ఉన్న ఆ తువ్వాలును దులుపుతూనే ఉంది.