గిటారన్న చెయ్యి

పోయిన నెల ఒక సోమవారం, రెండో పీరియడ్ నడుస్తుండగా, మా హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను ఆఫీసు గదికి పిలిపించారు. ఫోనులో మా తమ్ముడు.

"చిన్నక్కా, గిటారన్న పోయిండు. డ్యూటీకి పోదామని సైకిల్ బయటికి తీసిండట. గట్లనే గోడకు ఆనుకొని కూసున్నడు. ఇగ లేవలే."

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. మళ్లీ క్లాసుకు వెళ్లి, బోర్డు మీద సగంలో ఆగిపోయిన లెక్క పూర్తి చేశాను. పిల్లలు రాసుకునేదాకా నిలబడ్డాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. బతికున్నప్పుడు ఆయన మీద నాకున్న ప్రేమ ఎన్నడూ సూటిగా లేదు. ఏడుపు కూడా సూటిగా రాలేదు.

మా గౌలిపుర గల్లీలో ఆయన అందరికీ గిటారన్నే. మాది పాలు అమ్ముకునే ఇల్లు. వెనక బర్రెల కొట్టం, మధ్యలో మేము, ముందున్న రెండు గదుల్లో కిరాయికి ఆయనా, వదినా. నాకు పదేళ్లప్పుడు వచ్చారు. ఆయన సర్కారు వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే టర్నరు. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. మిగతా రోజుల్లో, పెళ్లిళ్లలో, గణేశ్ మండపాల దగ్గర, ఒక ఆర్కెస్ట్రాలో వాయించేవాడు.

డ్యూటీ నుంచి రాగానే చేతులకు రంపప్పొట్టు పట్టించి గ్రీజు వదలగొట్టి, సబ్బుతో రెండుసార్లు కడిగి, గోళ్ల సందుల్లో ఇంకా నలుపు ఉందేమోనని వెలుతురులో చూసుకునేవాడు. అప్పుడే గిటారు ముట్టేవాడు. ఇంట్లో ఉన్నది పాత పెట్టె గిటారు. దాని వీపు మీద ఒక పగులు, పగులు మీద అతికించిన గుడ్డ. దాన్ని పట్టుకొని గడప మీద కూర్చుంటే, పాలు పిండుతున్న మా బాపు కూడా పొదుగు మీద చెయ్యి నెమ్మది చేసేవాడు. యాకుత్‌పురా వైపు నుంచి సాయంత్రం రైలు కూత వినిపిస్తే ఆ కూత స్వరాన్ని తీగె మీద వెతికి పట్టుకొని, "ఇవ్వాళ డ్రైవర్‌కు జలుబు చేసినట్టుంది చెల్లె, బండి శ్రుతి దిగింది," అనేవాడు.

నాకు గిటారు మీద నాలుగు పట్లు నేర్పాడు, ఏ తీగె మీద ఏ వేలు నొక్కాలో. వేళ్లు బొబ్బలెక్కి ఏడిస్తే తన ఎడమచేతి వేళ్ల కొసలు చూపించాడు. గొడ్డు డెక్కల్లాగా గట్టిపడి ఉన్నాయి. "తీగెను కొట్టొద్దు. అడుగాలె. మంచిగ అడిగితె అదే చెప్తది," అన్నాడు. నేను టీచరునయ్యాక పిల్లల దగ్గర ఆ మాట ఎన్నిసార్లు వాడుకున్నానో.

కానీ ఆ ఆర్కెస్ట్రా నాకు నచ్చేది కాదు. నచ్చకపోవడం చిన్న మాట. అసహ్యం ఉండేది. ఎర్ర మెరుపు కోట్లు, చెవులు బద్దలయ్యే డ్రమ్ములు, పాట మధ్యలో అనవసరంగా మోగే ఎకో మిషను. అన్నిటికన్నా ఆ లీడర్. గొంతు ఫరవాలేదు గానీ, పాటకూ పాటకూ మధ్య మైకు పట్టుకొని జోకులు వేసేవాడు. ముందు వరుసలో లావుగా ఉన్న మనిషి కనిపిస్తే లావు మీద, నల్లగా ఉన్న పిల్ల కనిపిస్తే నలుపు మీద. జనం పడి పడి నవ్వేవాళ్లు. గిటారన్న మాత్రం వెనక మూలలో, దీపం సరిగ్గా పడని చోట, తల వంచుకొని ఉండేవాడు. పల్లవికీ చరణానికీ మధ్య ఒక్క పది సెకన్లు ఆయన చేతికి దొరికేవి. ఆ పది సెకన్ల కోసం నేను ఆ రొదంతా ఓర్చుకొని నిలబడేదాన్ని.

ఒకసారి అడిగాను. "అన్నా, గా బ్యాండు ఎందుకు ఇడిసిపెట్టవు? నీ చెయ్యికి గది తగదు."

ఆయన నవ్వలేదు. "గా కరెంటు గిటారు చూసినవా? బొంబాయి నుంచి తెప్పిచ్చిండు లీడరు. గసొంటిది నేను జన్మల కొనలేను. గిటారు ఆయనది చెల్లె, చెయ్యి ఒక్కటే నాది. ఉట్టి చెయ్యి తీస్కపోయి ఏడ పెట్టుకోవాలె?"

నాకు పదహారేళ్లప్పుడు మా అక్క పెళ్లయింది. అక్కకు నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంట్లో మాకు అది వినిపించేదే కాదు. ఆమె మాటకు ఎంత టైము పడుతుందో అంతసేపు ఆగడం మాకు అలవాటు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం ఉన్న సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో అక్క ఎక్కువ మాట్లాడలేదు. బాపు మగపెళ్లివాళ్లతో, "మా పిల్ల జర నిదానంగ మాట్లాడుతది," అని మాత్రం చెప్పాడు.

పెళ్లి సాయంత్రం విందుకు, మన గిటారన్న ఉన్నాడు కదా అని బాపు ఆ ఆర్కెస్ట్రానే పెట్టించాడు. గల్లీ పొడుగునా షామియానా. ఇంకా పొద్దు పూర్తిగా గుంకలేదు. నాలుగు పాటలయ్యాక మగపెళ్లివాళ్లలో ఎవరో కేకేశారు, "పెళ్లిచూపుల ఐటెం పెట్టుండ్రి." అది ఆ బ్యాండుకు పేరు తెచ్చిన ఐటెం అట. రెండేళ్లుగా ఊళ్లో పెళ్లిళ్లన్నిటా వాయిస్తున్నారట. నేను ఆ బ్యాండును గణేశ్ మండపాల దగ్గరే వినేదాన్ని కాబట్టి, అది అప్పటిదాకా వినలేదు.

గిటారన్న లేచి లీడర్ దగ్గరికి వచ్చి చెవిలో ఏదో అన్నాడు. నేను స్టేజీ పక్కనే ఉన్నాను, లీడర్ జవాబు నాకు వినిపించింది. "పబ్లిక్ అడుగుతుంటె వద్దంటవేంది భాయ్. వాయించు." గిటారన్న వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

లీడర్ మైకులో పెళ్లికొడుకు తండ్రిలా గొంతు మార్చి, "అమ్మా, నీ పేరేంది తల్లీ?" అన్నాడు. పెళ్లికూతురు గొంతుకు బదులు గిటారు మోగింది. మొదటి స్వరం మూడుసార్లు తట్టుకొని ఆగింది. ఒక ఊపిరంత ఖాళీ. తర్వాత మిగతా మాటంతా ఒక్కసారిగా దొర్లిపడింది. తీగె మనిషిలా మాట్లాడింది. అంత అద్భుతంగా ఎవరైనా వాయించగా నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. షామియానా అంతా గొల్లున నవ్వింది.

నేనూ నవ్వాను.

నవ్వు నోట్లో ఉండగానే అర్థమైంది, అది అక్క గొంతని. ఎవరిదో నత్తి కాదు. మూడుసార్లు తట్టుకోవడం, ఆ ఊపిరి, ఆ దొర్లడం అన్నీ అక్కవే. గోడకు అవతల ఏళ్ల తరబడి విని, ఆయన చెయ్యి నేర్చుకున్నది. ఎదురుగా పెళ్లికూతురి కుర్చీలో అక్క కదలకుండా కూర్చుంది. ఆమె అత్త మెల్లగా తల తిప్పి కోడలి వైపు చూసింది.

మర్నాడు పొద్దున గిటారన్న మా కొట్టం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బాపు పాలు పిండుతూనే ఉన్నాడు. చెంబు నిండాక, "డ్యూటీకి లేటైతది, పో," అన్నాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి వాళ్లింటికి పాలు తీసుకుపోవడం మానేశాను. గిటారు ముట్టలేదు. ఆయన సాయంత్రాలు గడప మీద కూర్చోవడం మానేసి, లోపల తలుపు వేసుకొని వాయించేవాడు. నేను గోడ దగ్గరికి జరిగి వినేదాన్ని. అదీ చెప్పాలి కదా. కోపం కోపమే, వినడం వినడమే.

బేగంబజార్ ఇంట్లో అక్క నోరు తెరిస్తే చాలు, మరుదులు "టిం టిం టిం" అని తీగె మీటినట్టు చేతులు ఆడించేవాళ్లట. మొదట్లో ఆటకే. తర్వాత దుకాణంలో పనివాళ్ల ముందు కూడా. అక్క మెల్లమెల్లగా మాట్లాడటం మానేసింది. ఏడాదిలో ఆ ఇంట్లో ఆమె తలూపడం తప్ప మాట లేదు. పురిటికి ఏడో నెలలో మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ అడిగినదానికి కూడా తలే ఊపింది.

వచ్చిన మూడో రోజు సాయంత్రం, ముందు గదిలో గిటారు మోగుతుంటే అక్క లేచి నేరుగా అక్కడికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. వదిన బియ్యం ఏరుతోంది. అక్కను చూసి గిటారన్న వాయించడం ఆపి లేచి నిలబడ్డాడు.

"గా పొద్దు వా... వాయించినవ్ గద," అంది అక్క. "గది వాయించు."

"వద్దు చెల్లె."

"వాయించు."

వదిన చేట పక్కన పెట్టింది. ఆయన కూర్చొని, వాయించాడు. పెట్టె గిటారు మీద చిన్నగా, తల ఎత్తకుండా. అక్క తల వంచి, పాఠం అప్పజెప్పించుకునే టీచరులా చివరిదాకా విన్నది.

"తప్పు," అంది. "పేరు కాడ నే... నేను ఆగ. నా పేరు నాకు సాఫ్‌గనే వస్తది. 'మా' అనేకాడ ఎక్కువ ఆగుత. మ్... మ్... మా బాపు. మ్... మా ఇల్లు. గది రాదు నాకు. పేరు కాడ ఆగితె జనం నవ్వుతరని గట్ల పెట్టినవ్."

ఏడాదిలో ఆమె అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు. గిటారన్న గిటారును గోడకు ఆనించాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని వాటినే చూస్తూ అన్నాడు, "గోడకు అవుతల నీ మాట ఇన్న చెల్లె. చేతికి వచ్చేసింది. చేతికి వచ్చినంక ఆపుడు నాకు చాత కాలే. తప్పైంది."

అక్క వదిన పక్కన చతికిలబడి చేట దగ్గరికి లాక్కొని బియ్యం ఏరసాగింది.

ఆ వారమే ఆయన లీడర్‌తో, ఆ ఐటెం ఇక తాను వాయించనని చెప్పాడు. బ్యాండు మాత్రం విడవలేదు. లీడర్ ఆ పని అకార్డియన్ వాయించే అతనికి అప్పగించాడు. అతను వాయిస్తే అది ఉట్టి చప్పుడే అయింది. జనం నవ్వలేదు. కొన్నాళ్లకు ఆ ఐటెం దానంతట అదే పోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆయన చెయ్యి లేకపోతే బతకని ఐటెం అంటే, రెండేళ్లు దాన్ని బతికించింది ఆయన చెయ్యే. అకార్డియన్ మోగుతున్నప్పుడు కూడా ఆయన ఆ స్టేజీ మీదే, ఆ మూలలోనే, తీగెల మీద అరచెయ్యి ఆనించుకొని కూర్చునేవాడు. అది సరిపోతుందా? ఆయననే అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు.

అక్క కొడుకును ఎత్తుకొని బేగంబజార్ తిరిగి వెళ్లింది. మొదటిసారి "టిం టిం" అన్న మరిదిని నిలబెట్టి, తాను చెప్పదలచుకున్నది పూర్తయ్యేదాకా కదలనివ్వలేదట. బావ చెప్పాడు, ఆ ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టిందని. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ చేతులు ఆడించలేదు. నేను మళ్లీ పాలు తీసుకుపోవడం మొదలుపెట్టాను. గిటారన్న, ఏమీ జరగనట్టు కాదు, జరిగింది ఇద్దరికీ తెలిసినట్టుగా, గిటారు నా ఒళ్లో పెట్టి, "బొబ్బలు పోయినయి గద, మళ్ల మొదటికెళ్లి," అన్నాడు.

టేపు రికార్డర్లు వచ్చి పెళ్లిళ్లలో క్యాసెట్లు పెట్టడం మొదలయ్యాక ఆర్కెస్ట్రాకు పిలుపులు తగ్గాయి. మూడేళ్ల కింద లీడర్ సామానంతా అమ్మేశాడు, ఆ బొంబాయి గిటారుతో సహా. ఇప్పుడు నేనుంటున్న మలక్‌పేట నుంచి గౌలిపుర ఇంటికి వెళ్లిన రోజున గిటారన్న గడప మీద ఉట్టి చేతులతో కూర్చొని ఉన్నాడు. "నీ ఫికర్ తీరింది చెల్లె. బ్యాండు పోయింది," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియలేదు. నాకు సంతోషం మాత్రం కలగలేదు. ఆ తర్వాత ఆయన ఆదివారాలు చర్చిలో తప్ప వాయించలేదు. యాభై ఏళ్లు కూడా నిండకుండానే పోయాడు.

మూడో రోజు, ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికకు అక్కా నేనూ వెళ్లాం. గల్లీలో వేసిన కుర్చీల్లో ముందు వరుసలో లీడర్ కూర్చొని ఉన్నాడు. జుట్టు నెరిసింది. "నా తమ్ముడసొంటోడు," అని మొదలుపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. దాన్ని అసహ్యించుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది. వదిన నా వైపు చూసి, "నువ్వు కూడ రెండు మాటలు చెప్పు, నీకు నేర్పిండు గద," అంది. రంపప్పొట్టు గురించి చెప్పాను. రైలు కూత గురించి చెప్పాను. తీగెను అడగాలన్న మాట చెప్పాను. అందరూ తలలూపారు.

ఆ రాత్రికి అక్క మా ఇంట్లో ఉంటానంది. యాకుత్‌పురా స్టేషన్‌లో మలక్‌పేట వైపు బండి కోసం నిలబడ్డాం. ఎండ ఇంకా పోలేదు.

"అంత చెప్పినవ్," అంది అక్క. "నా పెండ్లిల సంగతి చె... చెప్పలే."

"గందరి ముంగట ఎట్ల చెప్పాలక్కా." పదమూడేళ్లుగా లోపల ఉన్నది అప్పుడే బయటికి వచ్చింది. "గా పొద్దు నేను కూడ నవ్విన."

"ఎరుకే," అంది అక్క. "నిన్నే చూస్తున్న నేను."

ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "అన్న ఒప్పుకున్నడు. ఏ... ఏడాదికి ఒప్పుకున్నడు. నువ్వు ఎప్పుడు ఒప్పుకుంటవా అని చూసిన."

"తప్పైందక్కా."

తలూపింది. ప్లాట్‌ఫారం చివర జామకాయలమ్మే ఆమె దగ్గరికి వెళ్లి, ఒక పెద్ద కాయ కొని, నాలుగు చీలికలు కోయించి, ఉప్పూ కారం చల్లించుకొని వచ్చింది. రెండు చీలికలు నా చేతిలో పెట్టింది. మేము తినకముందే బండి వచ్చింది. అక్క తన చీలికలు కాయితంలో చుట్టి పట్టుకొని ముందు ఎక్కింది. ఎత్తైన మెట్టు మీద నిలబడి, ఇంకో చెయ్యి కిందికి చాచి నాకు అందించింది. ఆ చేతి వేళ్లకు ఉప్పూ కారం అంటుకొని ఉన్నాయి.