లైవ్ అంకుల్ గడియారం

లైవ్ అంకుల్ ఇక లేరని మన సంఘం గ్రూప్‌లో మెసేజ్ వచ్చినప్పుడు నేను కెమిస్ట్రీ క్లాస్‌లో ఉన్నా. వాష్‌రూమ్‌కని చెప్పి బయటికెళ్లి ఏడ్చా. ఇంట్లో ఏడిస్తే ఎందుకంత ఏడుపని అడుగుతారు. అందుకే అక్కడే ఏడ్చేసి మొహం కడుక్కున్నా.

మీకందరికీ ఆయన ఆదివారం ఆరాధన లైవ్ పెట్టే అంకుల్. కానీ ఆయన చేతులు వణకడం మొదలయ్యాక లాప్‌టాప్ నొక్కింది నేను. ఆయన పక్కన కూర్చుని చెప్పేవారు. నేను వైర్లు చుట్టి పెడుతున్నాననుకున్నారు మా డాడీ. డాడీ సంఘ పెద్ద కదా, ఇంకేమీ చెప్పలేదు నేను.

రికార్డింగ్ అంటే ఒకే పొడుగు వీడియో కాదు, కొన్ని సెకన్ల ముక్కలు. ప్రతి ముక్కకీ అది జరిగిన అసలు టైమ్ పడేలా అంకుల్ సెట్ చేశారు. టైమ్ కొడితే ప్లేయర్ సరిగ్గా అక్కడికే వెళ్తుంది. మా చిన్నోడి పాట ఎన్నో నిమిషంలో ఉందండీ అని ఏ ఆంటీ అయినా అడిగితే, "నిమిషం నాకు తెలీదమ్మా. ఆ రోజు ప్రార్థన ఎంతసేపు సాగిందో దేవుడికే తెలుసు. వాడు స్టేజ్ ఎక్కినప్పుడు టైమ్ ఎంతైందో చెప్పు" అనేవారు. కాకినాడలో ఉన్న ఆ ఆంటీ వాళ్లక్క తన గోడ గడియారంలో అక్కడి రాత్రి టైమ్ చూసి కొట్టినా అదే ముక్క వచ్చేది. గడియారాలు వేరు, క్షణం ఒకటే అనేవారు.

ఒకసారి నెట్ పోయి మధ్యలో గ్యాప్ వచ్చింది. రెండు వైపులా దగ్గరికి లాగి అతికించేస్తానన్నా. ఒప్పుకోలేదు.

"పోయింది పోయినట్టే ఉంచు. అతికించావంటే అబద్ధమాడినట్టే."

జ్ఞాపకార్థ కూడిక లైవ్ కూడా ఎవరికీ చెప్పకుండా నేనే పెట్టా. సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు అంకుల్ వాళ్ల అమ్మాయి వెనక తలుపు దగ్గర్నుంచి మైక్ దాకా వచ్చింది. విడాకులు తీసుకుందని ఆ అక్కని సంఘ పెద్దలు సండే స్కూల్ టీచర్ పనిలోంచి తీసేశారు. కన్నతండ్రే వదిలేశాడని చెప్పుకున్నారు కూడా.

"నాన్న నన్ను వదల్లేదు. ప్రతి శనివారం నేనుండే ఊరికి డ్రైవ్ చేసుకొచ్చి నా చేతి చారన్నం తిని వెళ్లేవాడు" అంది. అంతే.

తిరిగొస్తుంటే కార్లో డాడీ మమ్మీతో, ఆ రెండు నిమిషాలు తీసేసి అతికించమందాం, ఎవరికీ తెలీదు అన్నారు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవాలన్నారు. పాస్‌వర్డ్ వెనక సీట్లోనే ఉంది.

ఇప్పుడు గ్రూప్‌లో అందరి ముందూ చెప్తున్నా. అది నా దగ్గరుంది డాడీ. కట్ చేయను. ఫోన్ లాక్కోండి, చర్చికి రావద్దనండి, చేయను. అంకుల్ నాకు నేర్పింది అది కాదు.

కూడిక ఎలా జరిగిందో అలాగే పెట్టా. ఇక్కడివాళ్లు మధ్యాహ్నం 12:06 కొట్టి చూడండి. కాకినాడలో ఉన్నవాళ్లు రాత్రి 10:36 కొట్టండి. అక్క మైక్ వదిలేసి, ఎక్కడ కూర్చోవాలో తెలీక వరసల మధ్య నిలబడిపోయి ఉంటుంది. కోటు మీద మంచు ఇంకా కరగలేదు. అందరూ పాటల పుస్తకంలోకి చూస్తున్నారు. మూడో వరసలో మా మమ్మీ, పక్కనున్న హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్లో పెట్టుకుని, పక్కన ఒకరికి చోటయ్యేలా డాడీ వైపు కొంచెం జరిగింది.