దళానికి నా రాజీనామా

ఒక మంగళవారం నాడు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నేను చచ్చిపోయాను. ఆ సంగతి అశోక్‌నగర్‌లో మా సందు మొత్తానికి తెలుసు, మా ఊళ్లో సగం మందికి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వయిపోయాక ఏడుపొస్తుంది. నవ్వొచ్చే ముక్క ముందు చెప్తాను, రెండోది దాని వెనకే వస్తుంది, ఆపడం నా చేతిలో లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటానని జనగామ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి, ఒక లేడీస్ హాస్టల్ రెండో అంతస్తులో చేరాను. గదిలో రెండు మంచాలు, మధ్యన ఒక బల్ల. రెండో మంచం స్వరూపది. స్వరూప చదువుతుంటే చూసేవాళ్లకు కళ్లు మండేవి. నేను చూడలేక గోడవైపు తిరిగి ఫోన్ తీసేదాన్ని.

మా బాపు ఊళ్లో దర్జీ. రోజూ సాయంత్రం మిషన్ ఆపి ఫోన్ చేసేవాడు.

"ఏడున్నవ్ బిడ్డా?"

"లైబ్రరీల, బాపు."

"సరే సరే, సదువుకో. పెట్టేస్తున్న."

చిక్కడపల్లి లైబ్రరీ మా హాస్టల్‌కి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు నేను నడిచిన రోజుల్ని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువ. బాపు ఫోన్ చేసే వేళకి నేను మంచం మీద బోర్లా పడుకుని, ఎవడో ముక్కూ మొహం తెలియనివాణ్ణి తుపాకీతో కాలుస్తూ ఉండేదాన్ని.

ఆ ఆట పేరు ఆఖరి కోట. ఒక దీవిలో వందమంది దిగుతారు, నలుగురేసి ఒక జట్టు, చివరికి ఏ జట్టు మిగిలితే అది గెలిచినట్టు. చచ్చినా ఏం కాదు, అర నిమిషంలో ఇంకో దీవిలో దిగొచ్చు. డౌన్‌లోడ్ ఫ్రీ, ఆట ఫ్రీ. "ఫ్రీ గదా" అని హాస్టల్లో ఉన్న రెండేళ్లలో నేను ఎన్నిసార్లు అన్నానో, అన్నిసార్లు రాజ్యాంగ పీఠిక చదివి ఉంటే ఇప్పుడు కలెక్టర్‌నయ్యేదాన్ని. దానికో హాజరు పట్టీ కూడా ఉండేది. వరుసగా ఆరు నెలలు వస్తే బంగారు టోపీ ఇస్తారు. కోచింగ్ క్లాసు నెల రోజులు ఎగ్గొట్టినప్పుడు చీమ కుట్టినట్టు కూడా లేదు గానీ, జ్వరమొచ్చి ఈ హాజరు ఒక్క రోజు తప్పితే ముక్కు చీదుకుని మరీ ఏడ్చాను. నవ్వండి, పరవాలేదు.

మా జట్టులో నాతో పాటు కింగ్ అన్న, స్వీటీ, బుల్లెట్ ఉండేవాళ్లు. వాళ్ల మొహాలు తెలియవు, అసలు పేర్లు తెలియవు. కింగ్ అన్న "రా సిస్టర్, దిగుతున్నం" అంటే నోట్లో పెట్టుకోబోయే ముద్దని పళ్లెంలో పడేసి లేచేదాన్ని. మా అమ్మ పిలిస్తే ఎన్నడూ అంత తొందరగా లేవలేదు.

ఇట్లా ఉండగా ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. స్వరూప నంబరు ఉంది. నాది లేదు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను, లేదు. ఫలితాలొచ్చిన వారంలో అశోక్‌నగర్ హాస్టళ్లలో ఒక అలవాటుంది. ఏ తలుపు చాలాసేపు మూసి ఉన్నా పక్క గదివాళ్లు ఊరికే వచ్చి తడతారు. "చక్కెర ఉన్నదా?" అంటారు. ఎవరికీ చక్కెర అక్కర్లేదని అందరికీ తెలుసు. మొదటి రెండు రోజుల్లో మా గదికి నలుగురు చక్కెర కోసం వచ్చారు.

రెండో రోజు స్వరూప నా మంచం మీద కూర్చుంది. "సుజీ, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. ఆ ఆట నీకు పనికొస్తదా?"

"ఫ్రీ గదనే."

"దినాం ఎన్ని గంటలాడుతవో ఎన్నడన్న సూసుకున్నవా?"

"గంట. మహా అయితే గంటన్నర."

"ఆ ఆటలనే రాసి ఉంటది, తీసి సూడు."

తీసి చూశాను. మొత్తం రెండు వేల పై చిలుకు గంటలు. స్వరూప లేచి పోయి తన పుస్తకం తెరిచింది. తిట్టి ఉంటే బాగుండేది. అన్ని గంటలు మా బాపు మిషన్ తొక్కితే మా ఊళ్లో పుట్టబోయేవాళ్లక్కూడా బట్టలు కుట్టేసేవాడు.

ఆ పూట కూర్చుని, కోచింగ్‌లో వ్యాసం సారు నేర్పినట్టు కాగితం మధ్య గీత గీశాను. ఒకవైపు లాభాలు, ఒకవైపు నష్టాలు. లాభాల్లో 'ఓటమిని తట్టుకునే శక్తి' అని రాసి, ఏడ్చిన రోజు గుర్తొచ్చి కొట్టేశాను. 'ఆంగ్ల పరిజ్ఞానం' అని రాసి, బుల్లెట్ దగ్గర నేర్చుకున్న ఆంగ్లం ఏ పరీక్షలోనూ రాయదగ్గది కాదని కొట్టేశాను. ఒక్కటి మాత్రం కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. 'రోజుకి ఒక్కసారైనా గెలుస్తాను' అన్నది. రెండేళ్లకొకసారి వచ్చే పరీక్షలో పేరు లేనివాళ్లకి ఆ గెలుపు ఎంత తియ్యగా ఉంటుందో నేను మీకు చెప్పలేను. అయినా నష్టాలవైపు కాగితం నిండిపోయి వెనక పేజీకి పోయింది. మానెయ్యాలని తేలిపోయింది.

ఇక్కడిదాకా నా తప్పేం లేదు. అసలు ఘనకార్యం మర్నాడు, మంగళవారం పొద్దున చేశాను. మామూలు మనుషులైతే ఆట తీసేసి ఊరుకుంటారు. నేను తెలుగు మీడియం అభ్యర్థిని, వ్యాసరచనలో తరగతికి ఫస్టు. రెండేళ్లు కలిసి తిరిగినవాళ్లకి చెప్పకుండా పోతే ఎట్లా అనిపించింది. ఒక తెల్ల కాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో ముందు చిత్తుప్రతి రాసుకున్నాను. స్క్వాడ్‌ని చక్కగా దళం అని తెనిగించాను.

"ప్రియమైన దళ సభ్యులకు, రెండేళ్లు మీతోనే బతికాను. మీకోసం ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. ఇక నాలో ప్రాణాలు మిగల్లేదు. ఎంత ఆలోచించినా ఇంకా కొనసాగడంలో అర్థం కనిపించలేదు. కింగ్ అన్నా, నువ్వు పిలిచిన ప్రతిసారీ అన్నీ వదిలేసి వచ్చాను. ఇక పిలవకు, నేను రాను. నా ఆయుధాలన్నీ స్వీటీకి అప్పగిస్తున్నాను. ఈ నిర్ణయానికి ఎవరూ బాధ్యులు కారు. సెలవు. సుజాత."

చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. దాన్ని చూసి ఆటలో టైపు చేసి పంపించాను. రెండు నిమిషాలకి కింగ్ అన్న జవాబిచ్చాడు. "ఓకే సిస్టర్. నీ జాగల మైక్ ఉన్నోళ్లు ఎవరన్న ఉంటె పంపు." స్వీటీ ఆయుధాలు తీసుకుంది, థాంక్స్ కూడా చెప్పలేదు.

నేను ఆట తీసేసి, మళ్లీ మనసు లాగుతుందేమోనని ఫోన్ ఆపేసి బల్ల మీద పెట్టాను. ఫ్యాను గాలికి కాగితం ఎగురుతుంటే, అంత మంచి రచన పోకూడదని దాన్ని ఆ ఫోన్ కిందే పెట్టాను. దుప్పటి మడతపెట్టాను. బట్టలన్నీ ఉతికి ఆరేశాను. నా నోట్సులన్నీ స్వరూప మంచం మీద పెట్టాను. మెయిన్స్ ఆమెకే కదా ఉంది. పైన చీటీ కూడా రాశాను: 'ఇవి నీకే పనికొస్తయి. నాకింక అక్కర్లేదు.' తర్వాత స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా లైబ్రరీకి వెళ్లాను.

ఇంతకంటే పకడ్బందీగా చెయ్యమంటే నావల్ల కాదు.

పదకొండింటికి స్వరూప క్లాసు నుంచి వచ్చింది. కాగితం తీసింది. ఆమె అరుపుకి మూడో అంతస్తువాళ్లు కూడా దిగొచ్చారట. ఆ ఉత్తరంలో ఎవరికి ఏది భయమో వాళ్లకి అదే కనిపించింది. 'ప్రాణాలు మిగల్లేదు' దగ్గరే స్వరూప కూలబడింది. హాస్టల్ నడిపే రాజమణి ఆంటీ మాత్రం "గీ కింగ్ ఎవడే? పిలిస్తె పోయిందంట గదా! లేచిపోయినట్టున్నది" అంది. తర్వాత వచ్చిన కానిస్టేబుల్ 'దళం' అన్న మాట కింద గీత గీసి, 'ఆయుధాలు' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. ఇద్దరమ్మాయిలు దోమలగూడ మీదుగా ట్యాంక్‌బండ్ వైపు పరుగెత్తారు. ఇద్దరు బర్కత్‌పుర దాటి కాచిగూడ స్టేషన్‌కి పోయి ప్లాట్‌ఫారాలన్నీ వెతికారు. స్వరూప మా బాపుకి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వేళకి నేను లైబ్రరీలో ఆధునిక భారత చరిత్ర ముందేసుకుని కూర్చున్నాను. బొటనవేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. పేజీ తిప్పితే గోడ చాటునుంచి ఎవరో కాలుస్తారేమోనని వెనక్కి చూస్తున్నాను. అయినా సాయంత్రానికి ముప్పై పేజీలు చదివాను. ఎంత గర్వపడ్డానో! నన్ను చూసి ఎవరైనా మెచ్చుకుంటే బాగుండునని హాస్టల్‌కి నడిచాను.

సందు మలుపులోనే జనం. గబగబా నడిచాను. ఫలితాలొచ్చిన వారం కదా. చివర నిలబడ్డ అమ్మాయిని అడిగాను. "ఏమైందక్కా?"

"సెకండ్ ఫ్లోర్ పిల్లనట. లెటర్ రాసిపెట్టి పోయింది."

"అయ్యో." ఎంతమంది తలుపులు తట్టాం, ఎవరిది తట్టకుండా వదిలేశామా అనుకున్నాను. "పేరేంది?"

"సుజాతనట."

పాపం, నా పేరే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కళ్లు కూడా తుడుచుకున్నాను. అంతలో జనం మధ్యనుంచి స్వరూప నన్ను చూసింది. వచ్చి చెంప మీద ఒక్కటి కొట్టింది, ఆ వెంటనే పట్టుకుని ఊపిరాడకుండా ఏడ్చింది.

అప్పుడు కనిపించాడు మా బాపు. గేటు పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మిషన్ దగ్గర్నుంచి లేచినవాడు లేచినట్టే వచ్చేశాడు. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు. "తిన్నవా బిడ్డా?" అన్నాడు. అంతే అన్నాడు.

కానిస్టేబుల్ ఉత్తరం పట్టుకుని ముందుకొచ్చాడు. "దళమేడున్నది?"

"ఫోన్ల ఉన్నది సార్."

"కమాండర్ ఎవరు?"

"కింగ్ అన్న."

"అసలు పేరు?"

"తెల్వది సార్."

"ఎన్నేండ్ల సంది పరిచయం?"

"రెండేండ్లు."

"ఆయుధాలేడున్నయి?"

"పొద్దుగాలనే స్వీటీకిచ్చిన."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. స్వరూప ముక్కు తుడుచుకుంటూ, "సార్, అది గేమ్ సార్. ఫోన్‌ల ఆడే గేమ్" అంది.

కానిస్టేబుల్ ఉత్తరాన్ని మొదటినుంచి మళ్లీ చదివాడు. "మా బామ్మర్ది గూడ గిసొంటి దళంలనే ఉన్నడు" అన్నాడు నీరసంగా. తర్వాత అడగాల్సిందే గనక అడిగాడు. "పొద్దటి సంది ఏడున్నవమ్మా?"

"లైబ్రరీల సార్."

స్వరూప తల దించుకుంది. బాపు మాత్రం ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోయింది.

"నేను చెప్పలే సార్! ఆటో దిగంగనే చెప్పిన. నా బిడ్డ లైబ్రరీల ఉంటది, రెండేండ్ల సంది దినాం ఆడనే ఉంటది, ముందు గాడ సూడుండ్రి అన్న. ఈ పిల్లలే, ఆడ ఉండదు పెద్దయ్యా, ఆడ మాత్రం ఉండదు అన్నరు. సూసిండ్రా?"

అందరి వైపూ తిరిగి "సూసిండ్రా?" అంటున్నాడు. కూతుర్ని తనకంటే ఎక్కువ ఎరిగినవాళ్లు లేరని రుజువైన ఆనందం. అక్కడున్న ఆడపిల్లలందరికీ నిజం తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. రాజమణి ఆంటీ కూడా "అవును పెద్దాయనా, నువ్వే రైట్" అంది.

ఊరికి తిరిగి బస్సెక్కించడానికి బాపుతో నారాయణగూడ చౌరస్తా దాకా నడిచాను. ఒక హోటల్లో టీ తాగాం. కొలతల టేపు ఇంకా ఆయన మెడలోనే ఉంది. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ చెప్పరు కూడా. కానీ ఆ టేపుని చూస్తూ ఊరుకోలేకపోయాను.

"బాపు, నేను దినాం పోలే. ఆట ఆడుకుంట రూంలనే ఉన్న. నీకు అబద్ధం చెప్పిన. ఇయ్యాలనే పోయిన."

ఆయన టీ మొత్తం తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. మెడలో టేపు అప్పుడే చూసుకున్నట్టు తీసి, చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇయ్యాలన్న నిజంగనే పోయినవా?"

"పోయిన. ఒట్టు."

"సరే." టీ డబ్బులు తీస్తూ, "మీ అమ్మకు మాత్రం చెప్పకు. నేను లైబ్రరీ అనే చెప్త" అన్నాడు.

తర్వాతి పరీక్షలో కూడా నా నంబరు లేదు. ఆ పై ఏడు ఒక చిన్న గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో కుర్రాళ్లు భోజనాల వేళ ఫోన్లు తీసి, "ఫ్రీ గదా మేడమ్, ఆడితే ఏం పోయింది?" అని అడుగుతుంటారు. ఏం పోయిందో చెప్పాలంటే ఇంత కథ చెప్పాలి, భోజనం గంట చాలదు. మీరు తీరిగ్గా ఉన్నారు కాబట్టి మీకు చెప్పాను.

మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఆటే గానీ, అలవాటే గానీ, ఉద్యోగమే గానీ, దేన్ని మానుకున్నా వీడ్కోలు వ్యాసం రాయను. చెప్పి తీరాల్సి వస్తే ముందు మా బాపుకి చెప్తాను. అదీ ఎదురుగా నిలబడి, మామూలు తెలుగులో.