గుమ్మం దాటే సీను

ఆ రోజుల్లో మా కాలేజీలో స్త్రీ స్వాతంత్ర్యం గురించి ఎవరైనా మాట్లాడాల్సి వస్తే నన్నే పిలిచేవారు. వక్తృత్వపు పోటీల్లో బల్ల గుద్ది మరీ మాట్లాడేదాన్ని. ఆ బల్ల గుద్దిన చేతులే కట్టుకుని ఇంటికొచ్చి, స్నేహితురాలితో అమలాపురంలో సినిమాకి వెళ్తానని నాన్నని అడగలేక మామ్మ చేత అడిగించేదాన్ని. (ఆవిడ సినిమాకని కూడా అడిగేది కాదు, గుడికని అడిగేది.) నా ధైర్యం అంతా మా బండారులంక బస్టాపు వరకే. అక్కడ దిగగానే చున్నీతో పాటు దాన్నీ సర్దేసుకుని ఇంట్లోకి నడిచేదాన్ని.

డిగ్రీ ఆఖరి ఏడు వార్షికోత్సవానికి మా తెలుగు మాస్టారు ఒక పాత నాటకం బయటికి తీశారు. పెళ్ళయిన పదేళ్ళకి ఒక ఇల్లాలికి, ఆ ఇంట్లో తన మాట ఎవరూ ఒక్కసారి కూడా వినలేదని తెలిసొస్తుంది. ఆఖరి సీనులో మొగుడితో రెండు పేజీలు మాట్లాడి, గుమ్మం దాటి వెళ్ళిపోతుంది. ఇల్లాలు ఇంకెవరు, నేనే. మొగుడు వేషానికి దొరికినవాడు కామర్స్ కుర్రాడు. ఎవరేమన్నా "ఆయ్" అనే తప్ప మరో జవాబు ఎరగడు కాబట్టి అందరం అతన్ని ఆయ్ గారు అనేవాళ్ళం. మనిషి వెన్న. పెళ్ళాం మీద ఎగరాల్సిన చోటల్లా "నోరు ముయ్యండి" అనేవాడు. ఆ 'అండి' పీకెయ్యడానికి మాస్టారికి మూడు వారాలు పట్టింది. పీకేసిన ప్రతిసారీ అతను రిహార్సల్ అయ్యాక నా దగ్గరికొచ్చి, ఏమీ అనుకోవద్దని విడిగా క్షమాపణ చెప్పుకునేవాడు.

సరిగ్గా ఆ మూడు వారాల్లోనే నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. కాలేజీకి వచ్చి పరీక్ష పెట్టిన కంపెనీ వాళ్ళు ఫోనుకి ఉత్తరం పంపించారు. వార్షికోత్సవం అయ్యాక వచ్చే సోమవారమే చేరాలి, చేరకపోతే ఆ చోటు మరొకరికి పోతుంది. ఆడపిల్ల ఉద్యోగం విషయంలో నాన్న అభిప్రాయం అంతకు ముందే చాలాసార్లు విని ఉన్నాను: "పెళ్ళయ్యాక నీ ఇష్టం, మీ ఆయన ఇష్టం." (అందులో నా వాటా సగమే, అదీ పెళ్ళయ్యాక.) అయినా చెప్పకుండా ఎలా? రోజూ పొద్దున్నే నాన్న నేతకి మగ్గం గుంటలో కూర్చోగానే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. ఆయన తలెత్తి "ఏంటమ్మా?" అనేవారు. నేను "మంచినీళ్ళు కావాలా నాన్నా?" అనేదాన్ని. పాపం, ఆ వారం మా నాన్న తాగినన్ని మంచినీళ్ళు ఎండాకాలంలో కూడా తాగి ఉండరు.

నాటకం సంగతి కూడా ఇంట్లో సగమే చెప్పాను. "సంసారం గురించి మామ్మా, పిల్ల మహా ఓపికమంతురాలు" అన్నాను. ఆఖర్న ఏమవుతుందే అంటే, గుమ్మం దాకా వస్తుంది అన్నాను. అబద్ధమేమీ కాదు. గుమ్మం దాకా రాకుండా ఎవరూ గుమ్మం దాటలేరు కదా! మామ్మ పొంగిపోయి, తాతయ్యకి అన్నం వడ్డించేసి, వీధిలో ఆడవాళ్ళని ఒక ఆటో నిండా ఎక్కించుకుని, చీకటి పడకముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంది. పక్కనే నాన్న. ఆయన నాటకం చూడ్డానికి రాలేదు. నేను కట్టుకున్న చీర ఆయన స్వయంగా నేసింది, స్టేజీ లైట్లకి అంచు రంగు ఎలా కనపడుతుందో చూసుకోవడానికి వచ్చారు. మధ్యలో ఒకసారి నేను ఏడుస్తూ నేల మీద కూలబడినప్పుడు, కుచ్చిళ్ళు నలిగిపోతున్నాయని చేత్తో సైగ కూడా చేశారు.

మా మాస్టారిది కొత్త పోకడ. ఇల్లు వదిలిన ఇల్లాలు తెర పక్కకి తప్పుకోకూడదట, మెట్లు దిగి జనం మధ్యలోంచి లోకంలోకి నడిచిపోవాలట. సరే, రెండు పేజీలూ ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను. ఆయ్ గారు తల పట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మం దాటి, మెట్లు దిగి, మొదటి వరస పక్కనుంచి నడుస్తున్నాను. అప్పుడు మామ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. దీపాలు పెట్టే వేళ, బొట్టయినా పెట్టించుకోకుండా వెళ్ళిపోతావేంటే?" అంటూ బొడ్లోంచి చిన్న కుంకం డబ్బా తీసి, నా గడ్డం పట్టుకుని తీరిగ్గా బొట్టు పెట్టింది. హాలంతా గొల్లుమంది. తెర పక్కన మాస్టారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు. మామ్మకి ఇవేమీ పట్టలేదు. "ఇంతకీ ఎక్కడికెడతావు?" అని అడిగింది. నాటకంలో ఆ ఇల్లాల్ని ఎవరూ ఆ మాట అడగరు, నాకు రాసిచ్చిన జవాబూ లేదు. ఎదురుగా మామ్మ మొహం, దాని పక్కన నాన్న మొహం. ఎలా వచ్చిందో గాని నోట్లోంచి వచ్చేసింది.

"విశాఖపట్నం మామ్మా. ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి."

మెడ దగ్గర మైకు ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా మాట హాలు చివర గోడకి కొట్టుకుని మళ్ళీ నాకే వినపడింది. జనం అది నాటకంలో డైలాగే అనుకుని చప్పట్లు మొదలెట్టారు. మామ్మ మాత్రం అనుకోలేదు. నా మొహంలోకి అలా చూసి, నాన్న వైపు తిరిగి, "విన్నావురా? పిల్ల మనకి చెప్పుకోలేక ఊరందరికీ చెప్పుకుంటోంది. దగ్గరుండి దింపి రా" అంది. స్టేజీ మీద ఆయ్ గారు ఉండబట్టలేక లేచి నిలబడి, "ఆయ్, క్షేమంగా వెళ్ళి రండి" అన్నారు. మూడు వారాల మాస్టారి కష్టం గోదాట్లో కలిసిపోయింది.

మర్నాడంతా నాన్న నాతో మాట్లాడలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆదివారం పొద్దున్న లేచేసరికి నా పెట్టెకి తాళ్ళు కడుతున్నారు. స్వేచ్ఛ కోసం ఇల్లు విడిచిన వీరనారినైన నేను బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, ఒళ్ళో అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా. నాన్న పక్క సీట్లో కూర్చుని, అనకాపల్లి దాటేదాకా ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ, అమ్మాయి ఉద్యోగానికి వెడుతోందండీ అని చెప్పుకుంటూనే ఉన్నారు. అంత గర్వం ఆయన ఎక్కడ దాచారో, నేను అన్ని రోజులు మంచినీళ్ళు మోసి ఎందుకు కనిపెట్టలేకపోయానో!

హాస్టలు గేటు దగ్గర పెట్టె దింపాక ఆయన వెంటనే కదల్లేదు. చొక్కా జేబు సర్దుకున్నారు, హాస్టలు బోర్డు రెండుసార్లు చదివారు. అప్పుడు అడిగారు, ఆ నాటకంలో అమ్మాయి మళ్ళీ ఇంటికి వస్తుందా అని. పుస్తకంలో రాయలేదు నాన్నా అన్నాను.

"పుస్తకం సంగతి కాదమ్మా. నువ్వెప్పుడొస్తావు?"

ఇప్పుడు ఇదే ఊళ్ళో నా కింద పదిమంది పనిచేస్తున్నారు, మీటింగుల్లో అవసరమైతే బల్ల కూడా గుద్దుతాను. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్లని తలుచుకుంటే జాలీ నవ్వూ ఒకేసారి వస్తాయి. రెండు పేజీల స్వాతంత్ర్యం కంఠతా వచ్చిన పిల్ల ఆ ఒక్క ప్రశ్నకి వెక్కడం మొదలెట్టింది. వెక్కుతూనే, "శనివారం" అంది. అన్నట్టే, వారం తిరక్కుండా ఇంటికి వెళ్ళింది కూడాను.