నెత్తళ్ల మీది ఈగలు

మామిడి పూత కాయగా మారాలంటే ఈగలు వాలాలి. అయినా తేనెటీగలకు దక్కే మర్యాద వాటికి దక్కదని నాకు ఒళ్లుమంట. వాటిని కాపాడే దారి వెతుకుతూ ఒక పూత కాలమంతా మైపాడు పక్కనున్న ఊరికి తిరిగాను.

సముద్రపు ఒడ్డున నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెట్టే అక్క దగ్గర ఈగలకు కొదవ లేదు. అవే వెనకనున్న మామిడి తోటలోకి పోతున్నాయని నా అనుమానం. వాటి మీద పచ్చరంగు పొడి చల్లి, తోటలో వెతికితే తేలిపోతుంది. అడ్డల్లా అక్క చేపల చుట్టూ చల్లే ఈగల మందు. ఒక్క వారం చల్లొద్దని బతిమాలాను. సముద్రంలో వేట నిషేధం నెలల్లో ఆమె అమ్ముకుని బతికేది ఆ ఎండు చేపలే. అది తెలిసే అడిగాను. చదువుకునే పిల్ల నోరు తెరిచి అడిగిందని ఒప్పుకుంది. ఆదివారం మందిరంలో నా చదువు కోసం ప్రార్థన కూడా చేసిందట.

నాలుగో రోజు మబ్బు పట్టింది. చేపలు ఎండలేదు, ఈగలు గుడ్లు పెట్టాయి. ఇక మందు చల్లనా అని అక్క అడిగింది. రేపటిదాకా ఆగమన్నాను. ఆగింది.

మర్నాడు తోటలో, పూత మీద, పచ్చరంగు పొడి అంటిన ఈగ ఒకటి కనిపించింది. ఆనందం పట్టలేక ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఒడ్డుకు తిరిగొచ్చేసరికి అక్క పురుగులు పట్టిన నెత్తళ్లను తట్టలకెత్తి గుంటలో పోస్తోంది. నేను తట్ట పట్టలేదు. గట్టున కూర్చుని, చూసిందంతా మరిచిపోకముందే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

వేట నిషేధం రోజుల్లో, ఆమెకు ఓదార్పుగా నాలుగు మంచిమాటలు చెప్పి రావాలని మళ్లీ వెళ్లాను. రొయ్యల గుంటల్లో కూలి పని ముగించుకుని అప్పుడే వచ్చింది. మోకాళ్లదాకా బురద. చూసి సంతోషిస్తుందని వెంట తెచ్చిన పెట్టె తెరిచాను. లోపల వరసగా సూదులకు గుచ్చిన ఈగలు, ఒక్కోదాని కింద ఒక చీటీ. ఆమె వంగి వాటిని చూసింది.

"చంపినావా?"

ఏ జాతిదో తేల్చాలంటే చంపక తప్పదని, జాతి తెలిస్తేనే కాపాడగలమని చెప్పుకొచ్చాను. అక్క అంతా ఓపిగ్గా విన్నది.

"నేను మందు చల్లినా చచ్చేవే గదా పాపా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో ముఖం చెల్లక లేచాను. అయినా తిరుగు ప్రయాణంలో, ఆటో గతుకులకు ఈగల రెక్కలు విరుగుతాయని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకునే వచ్చాను.