కంపెనీకి నోరెక్కడిది

మొన్న మారేడ్‌పల్లిలో మా వీధి కిరాణా కొట్టాయన టీ పెట్టె మూత ఊడబెరికాడు. చెక్క, లోపలి రేకు, ఆకు కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేను పావుకిలో పంచదార అడగబోయి, "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు కానీ పంచదార ఇచ్చాడు.

ఆ గుడ్ మార్నింగ్ రత్నంగారికి చెందవలసింది. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో నేను సికింద్రాబాదులో ఒక పెద్ద టీ కంపెనీలో గుమాస్తాగా చేరాను. ఆయన హెడ్ క్లర్కు. బందరు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆదివారం చర్చిలో పాడేవారు, మిగిలిన ఆరు రోజులూ మా చేత పాడించేవారు. కంపెనీ పెద్దాఫీసు కలకత్తాలో ఉండేది. మాలో ఎవరూ దాన్ని చూడలేదు. అయినా ఎండా వానా కూడా అక్కడే మంజూరవుతాయన్నట్టు మాట్లాడుకునేవాళ్లం. బి.ఏ. చదివినవాణ్ణి కనుక నేను ఆ మాటతీరు మరీ తొందరగా నేర్చుకున్నాను. చేరిన కొత్తలోనే ప్యూనుతో, "పొద్దున పూట ఫ్యాను వేయకూడదని కంపెనీ చెప్పింది" అన్నాను.

రత్నంగారు కళ్లద్దాలు తీశారు. "ఏమోయ్, కంపెనీ నీతో మాట్లాడిందా? ఆడగొంతా, మగగొంతా?"

"అంటే, ఆర్డరు కదండీ."

"కంపెనీకి నోరెక్కడిదయ్యా? ఎవరో ఒక మనిషి చెప్పుంటాడు. ఆ పేరు చెప్పు. పేరు తెలీకపోతే ఫ్యాను వేయించు."

తెలియలేదు. ఫ్యాను తిరిగింది. ఇదంతా ఆయన చాదస్తమని ఆఫీసులో అనుకునేవారు. నేనూ అనుకున్నాను, ఆ గాలి కిందే కూర్చుని.

తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. తిరుమలగిరి వైపు మిలిటరీ లారీలు తిరిగాయి, కొన్నాళ్లు ఆఫీసు మూసేశారు. తెరిచాక చూస్తే గోడౌనులో పెట్టెలు మోసే ఖాజా మియా లేడు. బీదరు వైపు అల్లర్లు రేగాయని విని, అక్కడి పల్లెలో ఉన్న పెళ్లాంబిడ్డల్ని తెచ్చుకోవడానికి వెళ్లాడని తోటివాళ్లు చెప్పారు. సెలవు అడగకుండా పని మానేస్తే తీసేయాలని రూలు. అతను తిరిగొచ్చిన రోజున మేనేజరు దొర నన్ను పిలిచి, ఉద్యోగం లేదని చెప్పి పంపేయమన్నాడు.

గేటు దగ్గర ఖాజా, అతని భార్య, ఇద్దరు పిల్లలు, ఒక మూట. "జెర లేటైంది సాబ్. తొవ్వలన్నీ బందున్నయి. రేపటిసంది నౌకరీకి వస్తా. పిల్లల సుత గోడౌన్ ఎనక అర్రలనే ఉంచుకుంటా" అన్నాడు. అతను అడగడం లేదు, చెబుతున్నాడు. ఆ మూట దింపడానికి వాళ్లకు ఆ గది తప్ప ఊళ్లో ఇంకో చోటు లేదు. "కంపెనీ" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, లోపలికి వెళ్లి రత్నంగారిని అడిగాను: "ఎవరి పేరు చెప్పనండీ?"

ఆయన కోటు గుండీలు పెట్టుకుని దొర గదిలోకి నడిచారు. వెనకే నేను.

"ఖాజాను ఎవరు తీసేస్తున్నారు సర్?"

"కంపెనీ రూలు, రత్నం."

"నిజమే సర్. బయట పిల్లలున్నారు, వాళ్లకు రూలు అర్థం కాదు. తమరి పేరు చెప్పమంటారా?"

దొర కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "నాకు అతని మీద కోపమేం లేదు. నీ పేరే చెప్పుకో" అన్నాడు చిరాగ్గా.

"తీసేయడానికైతే చెప్పను సర్. ఉంచడానికైతే చెబుతాను. ఉంచమన్నది రత్నం అని కలకత్తాకు రాయండి."

దొర చాలాసేపు పైపు వెలిగించుకోవాలని చూశాడు. అది వెలగలేదు. "రేపు పనిలోకి రమ్మను" అన్నాడు చివరికి. దొర మాట తప్పే మనిషి కాదు, కలకత్తాకు అలాగే రాశాడు. ఆ ఏడు రత్నంగారికి రావలసిన ప్రమోషను రాలేదు. ఎవరు ఆపారండీ అని అడిగాను. "కంపెనీ" అన్నారాయన, నవ్వకుండా.

అదే కంపెనీలో నేనూ మేనేజరునయ్యాను. జీతం పెరిగింది, కుర్చీ మెత్తబడింది, కొందరిని ఉద్యోగంలోంచి తీసేయాల్సి కూడా వచ్చింది. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి, "నిన్ను తీసేస్తున్నది నేను" అని చెప్పాను. కొందరు నా పేరు పెట్టి, మా నాన్న పేరు కూడా కలిపి తిట్టారు. తిట్టుకోవడానికి వాళ్లకొక మనిషి దొరికాడు. నన్ను ఆ మాత్రం మనిషిగా మిగిల్చింది రత్నంగారే.